చెంచయ్య పంపిన మచ్చు

మంగళవారం పొద్దున ఏడున్నరకి చెంచయ్య రక్తాన్ని కోటేష్ చేతిలోంచి తీశారు. రక్తం తీసుకెళ్ళడానికి ల్యాబు నుంచి వచ్చిన దీప్తి, "చెంచయ్య గారేనా?" అని అడిగింది. "ఆయనేనమ్మా," అని పక్కనున్న అసలు చెంచయ్యే సాక్ష్యం చెప్పాడు. అతని బామ్మర్ది కోటేష్ నవ్వాపుకుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. చెంచయ్య భార్య పున్నమ్మ అప్పుడు పాలకి వెళ్ళి ఉంది.

ఇందులో మోసమేమీ లేదని చెంచయ్య నమ్మకం. ముప్ఫై ఏళ్ళుగా గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిరప బస్తాలు, విప్పి మచ్చు తీసే మనిషి. కొనేవాడి ముందు పోసిన గుప్పెడు కాయల్లో తెల్లబోయిన తాలుకాయ ఒక్కటి కనపడినా పరువు పోయినట్టే. అలాంటివాడు తన రక్తంలో తాలుందని తెలిసీ తెలిసీ ఎలా పంపిస్తాడు?

తాలు ఉంది మరి. నాలుగేళ్ళ కిందట, మెల్లగా ముదిరే రక్త క్యాన్సరు బయటపడింది. రోజుకో మాత్ర, మూణ్ణెల్లకో పరీక్ష. "మీ రక్తంలో ఒక పాడు జన్యువుందండీ. అదెంత జోరుగా పనిచేస్తోందో ఈ పరీక్ష అంకె వేసి చెబుతుంది. అంకె పెరిగిందంటే మాత్ర పనిచెయ్యట్లేదనో, మీరు మింగట్లేదనో," అంది డాక్టర్ సాయిలక్ష్మి. కడుపులో తిప్పుతోందని, మిరప సీజనంతా చెంచయ్య మాత్ర మానేసిన రోజులే ఎక్కువ. అది అంకెలో తేలితే పున్నమ్మ బతకనివ్వదు.

పది రోజులకి రిపోర్టు వచ్చింది. "భలే! ఆ జన్యువు అలికిడే లేదు," అంది డాక్టరు. పున్నమ్మ దణ్ణం పెట్టేసింది. డాక్టరు కాగితం తిప్పి, "పరగడుపున షుగరు మూడొందలేంటండీ మరి?" అంది.

మర్నాటి నుంచీ చెంచయ్యకి పొద్దున్నే కాకరరసం, రెండుపూటలా జొన్నరొట్టె. ఎదురుగా కూచుని కోటేష్ జిలేబీ నమిలేవాడు.

"బాగుంది బావా. నీకు పనికిరాదు గానీ."

"తినరా, తిను."

కాకరరసమైతే ఎలాగో దిగింది గానీ, ఒక్క సంగతి మాత్రం గొంతు దిగలేదు. తన జన్యువు ఎంత రెచ్చిపోతోందో ఇప్పుడు డాక్టరుకీ తెలీదు, తనకీ తెలీదు. ఐదోరోజు తనే వెళ్ళి డాక్టరు ముందు నిజం కక్కేసి, తన రక్తమే ఇచ్చాడు. అంకె పెరిగే ఉంది. "ఇంకా మించిపోలేదు. అన్నం తినగానే వేసుకోండి, తిప్పదు," అని చీవాట్లతో సహా రాసిచ్చిందావిడ. అప్పట్నుంచీ మాత్ర మింగాక పున్నమ్మ నోరు తెరిపించి, నాలుక ఎత్తించి మరీ చూసేది.

మూణ్ణెల్లకి అంకె దిగింది. ఆ కబురు విని, ఇప్పుడు కాకరరసం తన వంతైన కోటేష్ మొహం మాడ్చుకుని వచ్చాడు.

"నీకు సాయం చేసినందుకు నాకు షుగరంటగట్టావు గదా బావా!"

"పరీక్ష నీ పేరున రాయిస్తే నువ్వు జన్మలో సూది దగ్గరికొచ్చేవాడివట్రా?"