పదహారు తర్వాత ఇరవై రెండు

బోర్డులు రాసే పెయింటరు చేతిలో కుంచె ఉన్నంతసేపూ బుద్ధిమంతుడే. బుర్రలో అంకె దూరిందా, ఇక పట్టపగ్గాలుండవు. మెట్లెక్కుతున్నా, అన్నం కలుపుతున్నా ఏదో ఒక వరుస వెతుక్కుంటాడు. అలాంటి మనిషికి, పోయిపోయి, తానుండే కొత్త వీధిలో ఇళ్లకు నంబర్లు వేసే పని అప్పజెప్పారు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది!

ఒకటి, రెండు, మూడు అని రాయడం అతనికి నామోషీ. ముందు ఒకటి కలిపాడు, తర్వాత రెండు, ఆపైన మూడు. దాంతో తలుపుల మీద 1, 2, 4, 7, 11, 16 వెలిశాయి. చివరిదైన ఏడో ఇల్లు అతనిదే. దానికి 22 పడింది.

వీధి గగ్గోలెత్తింది. జనాభా లెక్కలవాళ్లు వచ్చి, "మూడో నంబరు ఇల్లేమైంది?" అని రెండో ఇంటావిడను నిలదీశారు. "నేనేమన్నా మింగానా?" అంటూ ఆవిడ పెయింటరు మీదకు దండెత్తింది. అతని భార్య కూడా మొత్తుకుంది.

"మన తలుపుకైనా ఏడని వెయ్యవయ్యా!"

"వరుస చెడిపోదూ?" అన్నాడా మహానుభావుడు.

ఒక మధ్యాహ్నం భార్యకు ఛాతీ పట్టేసి ఊపిరాడలేదు. అతను ఆంబులెన్సుకు ఫోన్ చేసి, ఇరవై రెండో నంబరని చెప్పాడు. డ్రైవరు రెండో ఇంటి దగ్గర ఆగి వీధంతా చూశాడు. "ఇక్కడ ఇరవై రెండు ఇళ్లెక్కడున్నాయి?" అని గొణుక్కుంటూ బండి వెనక్కి తిప్పబోయాడు. పెయింటరు గడపలోంచి అది చూశాడు. ఒళ్లో తలపెట్టిన భార్యను వదిలి లేవలేడు, అరిచినా బండి మోతలో డ్రైవరుకు వినబడలేదు.

ఇన్నాళ్లూ అతన్ని తిట్టిపోసిన రెండో ఇంటావిడే చీపురు పట్టుకుని బండికి అడ్డం నిలబడింది. "రెండు కలుపు నాయనా, ముందుకు పో!" పక్కింటి తాతగారు "మూడు కలుపు!" అని అరిచారు. తిట్టీ తిట్టీ ఆ లెక్క వీధి మొత్తానికీ నోటికొచ్చేసింది మరి. "నాలుగు!" "ఐదు!" "ఆరు కలిపి ఆపెయ్!" డ్రైవరు కూడుకుంటూ వచ్చి సరిగ్గా గుమ్మం ముందు ఆపాడు.

స్ట్రెచరు మీంచి భార్య ఒకటే మాట అంది. "ఏడు వేస్తేనే తిరిగొస్తా."

పెయింటరు ఏడుస్తూనే రంగు డబ్బా తీసి తన తలుపు మీద 22 చెరిపి 7 వేశాడు. పనిలో పనిగా మిగతా తలుపులూ సరిచేద్దామని వెళితే వీధి ఒప్పుకోలేదు. "మాకు అలవాటైపోయింది, ముట్టుకున్నావో చూడు!" అన్నారు. అలా ఆ వీధిలో ఏడో నంబరు ఇళ్లు రెండయ్యాయి.

భార్య కోలుకుని వచ్చాక, డ్రైవరు అటుగా పోతూ ఆగాడు.

"పదహారుకి ఎంత కలిపితే ఏడవుతుందయ్యా?"

"మా ఆవిడ ఇంటికొచ్చేసిందండీ," అన్నాడు పెయింటరు. "ఎంత కలిపితేనేం!"