చేదు బాబాయి ఉత్తుత్తి కషాయం

ఆ రోజు మందుల పరిశోధనశాల వసారాలో బట్టల కొట్టు షావుకారు ఇల్లెక్కి కూసినంత పని చేశాడు. తనకు పోస్తున్నది మందు కాదట, రంగునీళ్లట. గౌట్ అనే కీళ్ల జబ్బుతో వాచిన కాళ్లు బల్లల మీద చాపుకుని కూర్చున్న జనమంతా అటే చూశారు. లోపల్నుంచి చేదు బాబాయి రెండు గిన్నెలతో వచ్చాడు.

"ఒకటి అసలుది, ఒకటి ఉత్తుత్తిది. ఏది ఏదో చెప్పండి. చెబితే ఈ గరిటె మీ చేతికిచ్చి ఇంటికి పోతా."

షావుకారు మొదటిది తాగి ఆముదం తాగిన మొహం పెట్టాడు. రెండోది తాగాక ఆ మొహం మార్చుకునే అవసరమే రాలేదు. తోక ముడిచి మళ్లీ వరసలో కూర్చున్నాడు. అక్కడే వాచిన కాలి బొటనవేలితో ఉన్న బాబాయి వదిన, గెలిచినవాడు తన మరిదేనని పక్కావిడకు అడక్కుండానే చెప్పింది.

బాబాయిది వింత ఉద్యోగం. తాతల నాటి వేళ్ల కషాయాన్ని మాత్రగా మార్చే ముందు అది పనిచేస్తుందో లేదో తేల్చాలి కదా. అందుకని సగం మందికి అసలుది, సగం మందికి అదే రంగు, అదే చేదు ఉన్న ఉత్తుత్తిది. ఆ ఉత్తుత్తిది కాచేది బాబాయి. ఎవరి సీసాలో ఏదుందో ఆయనకూ చెప్పరు. చేదు నాకీ నాకీ ఆయన నాలుకకు చేదులో తేడాలు తప్ప మరో రుచి తెలియకుండా పోయింది. కూరలో ఉప్పు మరిచినా లొట్టలేసే మొగుడు దొరికాడని వదిన తోడికోడలు తెగ మురిసిపోతుంది.

వదిన వేలి వాపు మాత్రం తగ్గలేదు. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోతోంది. తనకిచ్చిన సీసా కొంగుచాటున పెట్టుకుని మరిది ఇంటికి కుంటుకుంటూ వెళ్లింది.

"రుచి చూసి చెప్పు. ఉత్తుత్తిదైతే ఇప్పుడే పారబోస్తా."

"నేను చూడకూడదు వదినా."

"మా పెళ్లినాడు నీ ముక్కు తుడిచింది నేను. చూడు."

బాబాయి వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. మళ్లీ ముంచాడు. మెల్లగా మొహం విచ్చుకుంది.

"తెలియట్లేదు" అన్నాడు, లాటరీ తగిలినవాడిలా.

"నా వేలు ఊడిపోతుంటే నీకు పండగగా ఉందా?"

"నాకే తెలియలేదంటే ఇంకెవరికి తెలుస్తుంది? ఇంత బాగా ఎప్పుడూ కుదర్లేదు వదినా."

వదిన సీసా లాక్కుని మూత తీసింది. బాబాయి నవ్వు ఆపి, ఆ వాచిన వేలి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"పారబోయకు. ఓర్చుకోలేకపోతే పరిశోధనశాల డాక్టరమ్మ నొప్పి మాత్ర ఇస్తుంది. సీసాలోది మాత్రం మానకుండా తాగు. మన చుట్టాలు చాలామందే ఉన్నారు ఆ వరసలో. నేను కాచింది పనిచేయలేదంటే చిన్నబుచ్చుకుంటానని, కుంటుకుంటూ వచ్చి మరీ తగ్గింది బాబాయ్ అంటున్నారు. ఇలాగైతే ఏది మందో ఏది నీళ్లో ఎప్పటికీ తేలదు. మొహమాటం లేనిదానివి నువ్వొక్కదానివే. డాక్టరమ్మ అడిగినప్పుడు నా మొహం చూడకు. తగ్గకపోతే తగ్గలేదని చెప్పు."