ఉమ్ సలాల్‌లో దొరికిన తెల్ల గొట్టం

శనివారం ఉదయం ఆరున్నరకి, ఇక్కడ ఖతర్‌లో, మెసైమీర్‌లోని మా ఇంటి నుంచి బయలుదేరాను. పొగమంచులో ఎదుటి మేడల మీది నీళ్ళ ట్యాంకులు గాల్లో తేలుతున్నట్టున్నాయి. ప్రయాణం ఒక గొట్టం కోసం. నవ్వకండి! నాలుగడుగుల ప్లాస్టిక్ గొట్టం మీద సన్నటి రాగి తీగ వెయ్యి చుట్లు చుట్టి, ఇంట్లోనే మెరుపులు పుట్టించే కాయిల్ చేయడం నా పిచ్చి.

నిరుడు చేసిన మొదటి కాయిల్, కరెంటు ఇవ్వగానే చుట్ల కిందే చిటపటలాడి మాడిపోయింది. నేను గొట్టం తిప్పుతుంటే తీగ పట్టుకున్నది మా ఆవిడ సుజాత. నీ చేతుల చెమట తగిలే పాడైందని నోరు జారాను. ఆ తర్వాత ఆమె ఆ పని జోలికి రాలేదు. ఇప్పుడు మిగిలింది ఒక్క తీగ ఉండ. అది ఒంటిచేత్తో చుట్టే పని కాదు.

బస్సులో స్టేషన్‌కి చేరి ఏడున్నరకి మెట్రో ఎక్కాను. టికెట్ రెండు రియాళ్ళు. రైలు నేల మీదికి రాగానే కిటికీ నిండా తెలుపే. ఊరు ఉందో, నేను కలగంటున్నానో తెలియలేదు. పక్కాయన ఫోన్లో "దుబాయ్‌ల గూడ సలి వెడ్తుందే అవ్వా" అని, నా వైపు తిరిగి నవ్వాడు. "ఖతర్ అంటే ఆమెకు సమజ్ గాదు సార్."

లుసైల్‌లో దిగి టాక్సీలో ఉమ్ సలాల్ తోటకి చేరేసరికి తొమ్మిది. తోట చూసుకునే ఖాజా భాయ్‌ది కరీంనగర్. నీళ్ళ పైపులు వేయగా మిగిలిన ముక్కలు రెండు చూపించాడు.

"నల్లది తీస్కపో సార్. గీ ఎండకు తెల్లది పెంకు లెక్క ఇరుగుతది. నల్లదైతే మాఫీ ముష్కిల్, ఏం ఫికర్ లేదు."

నిరుడు నేనూ అలాగే అనుకుని నల్లదే కొన్నాను. ఇక్కడ ఏ వస్తువుకైనా ఎండకి ఆగడమే గీటురాయి. ఈసారి మాత్రం, నాలాంటి పిచ్చివాళ్ళు ఇంటర్నెట్‌లో చెప్పిన పరీక్ష చేద్దామన్నాను: వేడెక్కిన గొట్టం కాయిల్‌కి పనికిరాదు. రెండింటి నుంచీ చిన్న ముక్కలు కోసి, ఖాజా భాయ్ రొట్టెలు వేడిచేసుకునే మైక్రోవేవ్‌లో గ్లాసెడు నీళ్ళతో పాటు నిమిషం ఉంచాం. తెల్ల ముక్క చల్లగానే ఉంది. నల్లదాన్ని ముట్టుకున్న ఖాజా భాయ్ చెయ్యి విదిలించుకున్నాడు.

ఎండకి ఆగాలని ఆ గొట్టంలో కలిపిన మసే కరెంటుని మింగేసింది. చెమట కాదు, ఏమీ కాదు. సిగ్గుతో తలకొట్టేసినట్టయింది. సుజాతని నేనన్న మాట సంగతి విని ఖాజా భాయ్ నీడలో దాచిన తెల్ల గొట్టాన్ని గచ్చు మీద దొర్లించి, వంకర లేదని చూసి, గేటు దాకా మోసుకొచ్చాడు.

అంత గొట్టంతో మెట్రో ఎందుకని పదకొండుకి నేరుగా ఇంటికే టాక్సీ మాట్లాడుకున్నాను. మంచు విడిపోయినా సముద్రం వైపు ఇంకా ఆకాశమేదో నీళ్ళేవో తెలియడం లేదు. సుజాతకి ఫోన్ చేశాను.

"తప్పు నీ చేతులది కాదు. నేను తెచ్చిన గొట్టానిది."

అవతల పొయ్యి కట్టేసిన చప్పుడు వినిపించింది.

"ఆ మాట ఫోన్లో వద్దు. ఇంటికొచ్చి, నా మొహం చూసి చెప్పండి."

ఈ పనిలోకి దిగేవాళ్ళకి నేను చెప్పేదొకటే: ముందు గొట్టాన్ని పరీక్షించండి, మనుషుల్ని అనడం తర్వాత. ఒళ్ళో గొట్టం పెట్టుకుని దారంతా సుజాతకి చెప్పాల్సిన ఆ ఒక్క మాటే గొణుక్కున్నాను. నేపాలీ డ్రైవరు అద్దంలోంచి రెండుసార్లు చూశాడు. మెసైమీర్ మలుపు వచ్చింది గానీ, ఆ మాట ఇంకా సరిగ్గా రాలేదు.