సవాదీలో నీళ్లు తీసిన వేళ

ఒమాన్‌లో ఏయే ఊళ్లు చూశావని ఎవరైనా అడిగితే నాకు ముందు ఒళ్లు మండుతుంది, ఆ తర్వాత వంటలు గుర్తొస్తాయి. సూర్ అంటే చికెన్ కూర. ఖసబ్ అంటే, కొండల మధ్య సముద్రం మీద చెక్క పడవలో, జారిపోతున్న గిన్నెల్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని వడ్డించిన పులిహోర. ఆ రోజు పడవ పక్కనే డాల్ఫిన్లు ఎగిరాయట. అందరూ కేకలు పెట్టి మరీ చూశారు. ఆ సమయానికి నేను పెరుగన్నంలో ఉప్పు సరిపోయిందో లేదో చూస్తున్నాను.

సోహార్‌లో ఒక ఆసుపత్రిలో చాలా ఏళ్లు నర్సుగా పనిచేశాను. మా ఆయన పోర్టు దగ్గర ఒక స్టీలు కంపెనీలో ఉండేవాడు. అక్కడ సెలవు రోజైన శుక్రవారం చర్చి ప్రార్థనకి కలిసే కోస్తా కుటుంబాలు కొన్ని ఉండేవి; ఆడవాళ్లలో ఎక్కువమందిమి నర్సులమే. ఈద్ సెలవులు రాగానే అందరం కార్లు వరస కట్టి ఏదో ఒక తీరానికి బయల్దేరేవాళ్లం. ప్రతి డిక్కీలోనూ గ్యాస్ స్టవ్, పెద్ద గిన్నెలు, పేపర్ ప్లేట్లు, ఆవకాయ సీసా. హోటల్ తిండి పిల్లలకి పడదని మగవాళ్లు తేల్చేశారు. ఆ పిల్లలే మామూలు రోజుల్లో షవర్మా తప్ప ఇంకేదీ ముట్టరు. నైట్ డ్యూటీ చేసి వచ్చిన మనిషి అలాగే నిలబడి పులిహోర కలిపి, కారెక్కి, దిగి, వడ్డించి, గిన్నెలు సర్దుకుని మళ్లీ కారెక్కితే దాన్ని మేం టూర్ అనేవాళ్లం.

ఆ ఏడాది ఈద్ నాకు అక్కడ ఆఖరిది. నా పోస్టులోకి ఒమానీ అమ్మాయిని తీసుకున్నారు. వాళ్ల దేశం, వాళ్ల పిల్లలు, వాళ్ల ఉద్యోగాలు. దానికి నేను కోపం తెచ్చుకోలేదు. ఆ అమ్మాయికి పని నేర్పింది కూడా నేనే. ఆమెది బర్కా వైపు. వాళ్ల ఊరికి దగ్గర్లో సవాదీ అనే తీరం ఉందని, ఒడ్డుకి ఎదురుగా ఒక దీవి, దాని కొండ మీద పాత బురుజు ఉన్నాయని, నీళ్లు తీసినప్పుడు ఇసుక మీద నడిచే ఆ దీవికి వెళ్లిపోవచ్చని ఆమె చెప్పింది. ఈద్ మర్నాడు మధ్యాహ్నం అజాన్ లోపల అక్కడ ఉండమంది. ఆ తర్వాత పోటు వచ్చి దారి మూసుకుపోతుందట.

నేను నరసాపురం వైపు పిల్లని. సముద్రాన్ని చూస్తూ పెరిగాను గానీ, అది పక్కకి జరిగి దారివ్వడం ఎప్పుడూ చూడలేదు. వెళ్లిపోయేలోగా ఆ ఇసుక మీద నడవాలని మనసులో గట్టిగా పడిపోయింది. ప్రార్థన అయ్యాక అందరి ముందూ అడిగాను.

"మోషే గారిలాగా నడిపిస్తావేంటమ్మా మమ్మల్ని?" అన్నారు మా సంఘ పెద్దగారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, అజాన్ లోపల చేరాలని ముగ్గురికి విడివిడిగా చెప్పాను. మా ఆయనకైతే ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు.

ఈద్ మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. ఊరు దాటకముందే సోహార్ చేపల మార్కెట్ దగ్గర కార్లు ఆగాయి. వంజరాలు తాజాగా ఉంటాయని, తీరాన వేయించుకు తింటే ఆ మజాయే వేరని ఎవరికో బుద్ధి పుట్టింది. "పులిహోర ఉంది, కూర ఉంది, మళ్లీ చేపలెందుకండీ?" అన్నాను. "పండగ పూట ముక్క లేకపోతే ఎలాగ సిస్టర్ గారూ?" అన్నాడు మా ఆయన స్నేహితుడు. మేం దిగబోతుంటే, లోపలంతా తడి, చీరలు పాడైపోతాయి, కూర్చోండి అన్నారు. ఆసుపత్రిలో మేం ఎలాంటి తడి తుడుస్తామో వీళ్లకి తెలియదు కాబోలు. నీలం రంగు చేపలు, ఇంత పొడుగు ముక్కులవి, బండల మీద పరిచి ఉంటే కారు అద్దంలోంచి చూశాను.

అల్ సువైక్‌లో ఇంకోసారి ఆగారు. అక్కడి బజారులో ఖర్జూరాలు, హల్వా, ఎండు చేపలు, పండగ బట్టల్లో పిల్లలు. ఈసారి, ఆడవాళ్లు దిగితే లేటవుతుందన్నారు. సరే, మేం దిగలేదు. మగవాళ్లు దిగారు. టీ తాగారు. హల్వా రుచి చూశారు. ఒకాయన ఒమానీ టోపీలు వరసగా పెట్టి చూసుకుంటూ ఫోటోలు దిగాడు. కారులో పక్కన కూర్చున్న వదిన, నాతోపాటు పనిచేసే నర్సే, "నువ్వలా పళ్లు కొరక్కే, అరిగిపోతాయి" అంది. నాకు ఏడుపు వచ్చేంత కోపంగా ఉంది. ఆలస్యం చేసేది వాళ్లు, ఆలస్యానికి పేరు మాది.

సవాదీ చేరేసరికి మసీదులో అజాన్ వినిపిస్తోంది. కానీ దారి ఇంకా ఉంది! ఒడ్డు నుంచి దీవి దాకా తడి ఇసుక, దాని మీద నిండా గవ్వలు, అవతల కొండ, కొండ మీద బురుజు. ఒమానీ పిల్లలు దాని మీదుగా తిరిగి వచ్చేస్తున్నారు. నేను చెప్పులు విప్పేశాను.

"ముందు స్టవ్ వెలిగించండమ్మా, పిల్లలు ఆకలంటున్నారు" అని వెనక నుంచి కేక.

మా ఆయన్ని పక్కకి పిలిచి, "ఏమండీ, ముందు వెళ్లొద్దామండీ. నీళ్లు వచ్చేస్తాయి" అన్నాను.

"తినేసి ఎల్దాంలే. అయిలాండు ఎక్కడికి పోద్ది? అక్కడే ఉంటది గదా!" అన్నాడు.

ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. సముద్రం పక్క ఊళ్లో పుట్టి, పోటూ పాటూ చూసి పెరిగిన మనిషి అన్న మాట అది. దీవి ఎక్కడికీ పోదు. పోయేదాన్ని నేను. నెలాఖరుకి టికెట్టు తీసినవాడు తనే.

చేప ముక్కలకి కారం పట్టించాం. ప్లేట్లు పరిచాం. పెద్దగారు ప్రార్థన మొదలుపెట్టారు. ఆకాశాన్ని సృష్టించినందుకు స్తోత్రం, సముద్రాన్ని సృష్టించినందుకు స్తోత్రం, అందులో చేపల్ని ఉంచినందుకు స్తోత్రం. నేను కళ్లు మూసుకోలేదు. ఆ సముద్రం రెండు వైపుల నుంచీ ఇసుక మీదికి పాకుతోంది. ఆయన మా కంపెనీల కోసం, మేనేజర్ల కోసం కూడా ప్రార్థించారు. దేవుడు నన్ను క్షమించాలి, ఆమెన్ అన్నప్పుడు నా గొంతులో భక్తి లేదు.

మగవాళ్లు, పిల్లలు మొదటి బంతి. ఆడవాళ్లం వాళ్లయ్యాకే. అది ఎవరు పెట్టిన చట్టమో తెలియదు, సముద్రాలు దాటి వచ్చినా మమ్మల్ని వదల్లేదు. నేను ముక్కలు తిరగేస్తున్నాను, దారి సన్నబడుతోంది. "ఇంకో రెండు ఇటు వెయ్యి" అన్నాడు మా ఆయన, ప్లేటు చాపి, తలెత్తకుండా.

గరిటె ఆ ప్లేటులోనే పెట్టేశాను. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకున్నాను. వెనక నుంచి "ఎక్కడికే?" అని వదిన అరిచింది. నేను తిరిగి చూడలేదు. మొదట పాదాలు మునిగాయి, సగం దారిలో పిక్కలు, దీవి అంచుకి చేరేసరికి మోకాళ్లు. గవ్వలు గుచ్చుకుంటుంటే కూడా హాయిగా ఉంది. చాలా కోపంగా, చాలా హాయిగా ఉంది.

బురుజు దాకా ఎక్కాను. చుట్టూ నీళ్లు, చిన్న చిన్న దీవులు, అటుపక్క ఒడ్డు మీద మా కార్లు. దారి అప్పటికే లేదు. నన్ను వెతుకుతారని, కంగారు పడతారని, నీళ్లలోకి దిగి కేకలు పెడతారని ఆ రాళ్ల మీద కూర్చుని చూస్తున్నాను. నిజం చెప్పాలంటే, కేకలు పెట్టాలనే కోరుకున్నాను.

ఫోన్ మోగింది. మా ఆయన. గుండె ఒక్కసారి మెత్తబడింది. తిడతాడేమో, తిట్టినా సరే అనుకుని ఎత్తాను.

"ఏమే, ఉప్పు ఎక్కడ పెట్టావ్?"

"ఎదురుగా సముద్రం నిండా ఉంది, ముంచుకోండి" అని ఫోన్ ఆపేశాను.

నా కడుపు నిండేదాకా అక్కడే కూర్చున్నాను, ఏమీ తినకుండానే. తర్వాత అటుగా వచ్చిన చేపల పడవకి చెయ్యి ఊపాను. ఆ ముసలి ఒమానీ నన్ను ఎక్కించుకుని, వచ్చీరాని హిందీలో, మీ ఆయన ఎక్కడని అడిగాడు. ఒడ్డు వైపు చూపించి, "ఖానా ఖా రహా హై", తింటున్నాడని చెప్పాను. ఆయన ఒకసారి అటు, ఒకసారి నా తడిసిన చీర వైపు చూసి, ఇంజను పెంచాడు.

ఒడ్డున దిగి వంట దగ్గరికి నడిచాను. పెనంలో చివరి ముక్కలు మాడి ఉన్నాయి. ఉప్పు డబ్బా స్టవ్ పక్కనే ఉంది.