జీపు మాకు, గాలిపంపు వాళ్లకు

నా చిన్నప్పుడు మా బాపుకూ మా చిన్నబాపుకూ మాటల్లేవు. ఎదురెదురుగా లేవని అర్థం. తిట్లకు మాత్రం ఏనాడూ కరువు లేదు. అన్న తిట్లను తమ్ముడికి, తమ్ముడి తిట్లను అన్నకు మోసే పని నాది. రాయికల్ అవతల మా ఊళ్లో అన్నదమ్ములకు చెడితే పద్ధతి అదే. నేరుగా నోరు తెరిచినవాడు తగ్గినట్టు లెక్క. అందుకని ఒకరి గొంతు ఇంకొకరికి వినపడనంత దూరంలో నిలబడి, మధ్యలో ఇంటి పిల్లనొకదాన్ని పెట్టుకుని, మీ బాపుకు చెప్పు, మీ చిన్నబాపుకు చెప్పు అంటూ కబుర్లు పంపుకునేవారు. కబుర్లంటే వినడానికి మర్యాదగా ఉంది. నేను మోసినవి బూతులు.

ఆ ఇద్దరి మీదా నాకు ఒళ్లు మండేది. పోయినవాళ్లను ఏమీ అనకూడదంటారు గానీ, ఆ రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ మండుతుంది.

మాది ఒకప్పుడు ఊరి మీద పెత్తనం చేసిన ఇల్లు. నాకు ఊహ తెలిసేసరికి పెత్తనం పోయింది, భూమి చాలావరకు పోయింది, పొగరు మాత్రం చెక్కుచెదరలేదు. అన్నదమ్ముల పంపకాలకు కూర్చున్న పెద్దమనుషులు మిగిలిన పొలం పంచారు, గొడ్లను పంచారు, ఇత్తడి గంగాళాలు పంచారు, చివరికి జీపు దగ్గర ఆగిపోయారు. జీపు పెద్దవాడికి ఇస్తే చిన్నవాడు ఒప్పుకోడు. అమ్మి పంచుదామంటే ఇద్దరూ ఒప్పుకోరు. చాలాసేపు కొట్లాడుకున్నాక జీపు మా బాపుకని, దానికి అప్పుడే వేయించిన కొత్త టైర్లూ, కాలితో తొక్కే గాలిపంపూ చిన్నబాపుకని తేల్చారు. తలలు పండిన మనుషులు చాయ్ తాగుకుంటూ తీర్చిన తీర్పు అది! పొద్దు గూకేలోపే చిన్నబాపు టైర్లు విప్పించుకుని పోయాడు. మా జీపు వాకిట్లో రాళ్ల మీద నిలబడింది.

ఆ టైర్లు ఆయనకెందుకూ పనికిరావు. వాగు అవతలి ఒడ్డున పొలంలో ఆయనకు మోటారు కొట్టం ఉండేది. దాని ముందర వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చుకుని, ఎక్కి కూర్చుని బీడీ కాల్చేవాడు. మా బాపు ఆ దారిన పోతూ చూడాలనే అక్కడ కూర్చునేవాడని నా నమ్మకం.

మా బాపు ఏమన్నా తక్కువ తిన్నాడా? కోరుట్ల పోయి ఇంతింత గుబ్బలున్న టైర్లు తెచ్చి వేయించాడు. వాటిలో గాలి కూడా రాయిలా కొట్టించేవాడు. టైరు కాస్త మెత్తగా కనిపించినా తమ్ముడు నవ్వుతాడని ఆయన బాధ. నిజానికి ఉమ్మడిగా ఉన్నన్నాళ్లూ జీపు నడిపింది చిన్నబాపే. బాపు పక్క సీట్లో కూర్చుని మీసం దువ్వుకున్నవాడే. ఏ నేలకు ఎలాంటి టైరు వేయాలో, ఎంత గాలి ఉంచాలో చిన్నబాపుకు చేతి లెక్కగా తెలుసు. ఇప్పుడు మా మనవడు తన జీపుకు టైర్లు కొనేముందు ఫోనులో రోజంతా చూసి నాకు వచ్చి చెప్పే సంగతే అది. బురదను పట్టి లాగడానికి గుబ్బలు పనికొస్తాయి. పొడి ఇసుకలో అవే గుబ్బలు గుంట తవ్వి బండిని అందులోకి దించుతాయి. ఇసుక మీద టైరు మెత్తబడి వెడల్పుగా పరుచుకోవాలి, దానికి గాలి తగ్గించాలి. ఈ ముక్క మా బాపుకు చెప్పగలిగిన మనిషి ఊళ్లో ఒక్కడే. ఆ ఒక్కడితోనే మాటల్లేవు.

ఇది చాలదన్నట్టు, ఒక పొద్దున లేచి చూస్తే వాకిట్లో జీపు నాలుగు టైర్లూ నేలకంటుకుని ఉన్నాయి. మేకు దిగలేదు, ముల్లు దిగలేదు. ఎవరో వాల్వు పిన్నులు నొక్కి గాలంతా వదిలేశారు. ఎవరో ఏమిటి, చిన్నబాపే. అడిగి రమ్మంటే పోయి అడిగాను. "అవు, నేనే తీసిన. ఏం పీక్కుంటడో పీక్కొమ్మను" అని బీడీ ముట్టించుకున్నాడు. పంపు ఆయన దగ్గరే ఉంది కాబట్టి, టైర్లు విప్పి ఎడ్లబండి మీద రాయికల్ పంపి గాలి కొట్టించుకోవాల్సి వచ్చింది. ఊరంతా నవ్వింది. బాపు ఆ అవమానాన్ని మింగలేక కక్కలేక తిరిగేవాడు.

ఆ ఎండాకాలంలోనే మా అమ్మకు కడుపునొప్పి పట్టుకుంది. మొదట వాతమన్నారు, తర్వాత దిష్టి అన్నారు. ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు సూది మీద సూది వేశాడు. తెల్లవారేసరికి పొట్ట చెక్కలా బిగిసిపోయి, ఒళ్లు పెనంలా కాలుతోంది. ఆయన చేతులెత్తేశాడు. లోపల పేగు పగిలేట్టుందని, జగిత్యాల దవాఖానలో కోసి చూడకపోతే మనిషి దక్కదని చెప్పాడు. బాపు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన భయపడగా చూడడం నాకు అదే మొదలు.

వాగు దాటితేనే జగిత్యాల రోడ్డు. వానలకు కొట్టుకుపోయిన కల్వర్టును పట్టించుకున్న నాథుడు లేడు. ఎండాకాలం కాబట్టి వాగులో నీళ్లు లేవు, ఉన్నదంతా ఇసుకే. అమ్మను జీపు వెనక పరుపు మీద పడుకోబెట్టి, తల నా ఒళ్లో పెట్టారు. పొలానికి వచ్చిన కూలీలను జీపు నెట్టడానికి వెంట రమ్మన్నారు. వాళ్లూ పని వదిలి పరుగున వచ్చారు.

వాగు నడిమికి వచ్చేసరికి జీపు కూర్చుంది. ముందు చక్రాలకు కూడా బలమిచ్చే లివరు ఒకటి ఉండేది, అది ఎప్పుడో పాడైపోయింది. బాపు తొక్కేకొద్దీ వెనక టైర్లు ఉన్నచోటే గిర్రున తిరిగి, నెడుతున్న కూలీల కళ్లలోకి ఇసుక ఎగజిమ్మాయి. కుదిపిన ప్రతిసారీ అమ్మ కేక వేసేది. "పటేలా, ఎడ్లను తోల్కరమ్మంటవా?" అని ఒక కూలీ అడిగితే, అవి మేతకు పోయి ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. అమ్మ మూలుగు మారుతోంది. అంతకుముందు గట్టిగా అరిచే మనిషి సన్నగా పిల్లిలా మూలగడం మొదలుపెట్టింది. అరుపు కంటే దానికే నాకు ఎక్కువ భయమేసింది.

అవతలి ఒడ్డున చిన్నబాపు ఆ టైర్ల మీద కూర్చుని అంతా చూస్తున్నాడు. వదినె జీపులో చావుబతుకుల్లో ఉందని ఊరంతటికీ తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా లేచి రాలేదు. చేయి మాత్రం ఊపాడు, నన్ను రమ్మని. ఇసుకలో పడుతూ లేస్తూ పరుగెత్తాను.

"మీ బాపుకు చెప్పు" అన్నాడు. "గా గుబ్బల టైర్లు పొలంల తిప్పేటందుకు, ఇసుకల నడిపేటందుకు గాదు. నాలుగింటికి సగం గాలి తియ్యమను. గాడిద లెక్క పెరిగిండు, గీ మాత్రం అకల్ లేదా అని అడుగు."

అలవాటు ప్రకారం ఒక్క అక్షరం పోకుండా మోసుకొచ్చి బాపు ముందర దించాను. గాడిద దగ్గర కూడా తడబడలేదు. బాపు మొహం నల్లబడింది. గాలి తియ్యమంటున్నది ఎవరు? మా వాకిట్లోకి దొంగలా వచ్చి గాలి తీసిపోయిన మనిషి. పెళ్లాం ప్రాణం పోతుంటే కూడా ఎకసెక్కాలాడుతున్నాడని, చేతికందిన పార తీసుకుని ఒడ్డు వైపు ఉరికాడు. కూలీలు నడుం పట్టుకుని ఆపారు. అదే ఊపులో వచ్చి స్టీరింగు ముందర కూర్చుని, కసికొద్దీ తొక్కాడు. జీపు ఇరుసుదాకా దిగిపోయింది.

అప్పుడు అమ్మ నా జబ్బ పట్టుకుని దగ్గరికి లాక్కుంది. ఆ చేయి కాలుతోంది. చిన్నబాపు ఏమన్నాడో మళ్లీ చెప్పమంది. తిట్లు వద్దు, పని మాట ఏమిటో చెప్పమంది. సగం గాలి తియ్యమన్నాడని చెప్పాను.

"మరి గదొక్కటి చెప్తే అయిపోతుండె గదనే" అంది. ఒక్కో మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటోంది. "చెవుల పడ్డదంత మోసుకపోకు బిడ్డా. తిట్లు గీ ఇసుకల పారెయ్యి, పని మాట చేర్చు. పో, గాలి నేను తియ్యమంటున్ననని చెప్పు."

పోయి అంతే చెప్పాను. బాపు చాలాసేపు ఆ టైరు వైపే చూశాడు. ఆయన ఎందుకు ఆలోచిస్తున్నాడో నాకు కూడా తెలుసు. గాలి తీస్తే మళ్లీ కొట్టాలి, కొట్టే పంపు చిన్నబాపు దగ్గర ఉంది. పిన్ను నొక్కిన క్షణం నుంచి అమ్మ ప్రాణం తమ్ముడి చేతుల్లోకి పోతుంది. అన్నీ తెలిసే కింద కూర్చున్నాడు. తాళపుచెవి కొసతో పిన్ను నొక్కి, టైరు పక్కకు ఉబ్బి ఇసుక మీద పరుచుకునేదాకా గాలి వదిలాడు. నాలుగింటికీ అలాగే చేశాడు. కూలీలు చక్రాల ముందు ఇసుక తోడి భుజాలు ఆనించారు. ఇంజన్ను అరిపించకుండా మెల్లగా వదిలితే జీపు గుంటలోంచి లేచింది. లేచిందే, మళ్లీ ఆగకుండా అవతలి ఒడ్డెక్కింది.

ఒడ్డెక్కగానే అన్నదమ్ముల బుద్ధి మళ్లీ బయటపడింది. పంపు అడగడానికి బాపుకు నోరు రాలేదు. మెత్తటి టైర్లతోనే జగిత్యాలదాకా ఉరికిద్దామని గేరు వేశాడు. చిన్నబాపు కొట్టం దగ్గర నుంచే నన్ను కేకేసి పిలిపించుకున్నాడు. "గిట్ల రోడ్డెక్కితే టైరు రింగు ఇడిసి పెడ్తది, ట్యూబు తెగుతది, జీపు బోర్ల పడ్తది. పెండ్లాన్ని సంపుకునేది ఉంటె పొమ్మను, నాకేం పోయింది!" అని, కొట్టంలోంచి పంపు తెచ్చి నా కాళ్ల దగ్గర ధన్‌మని పడేశాడు.

నేను జీపు దాకా నడిచాను. దారిలో ఒక్కో తిట్టూ ఇసుకలో పారేశాను. తీరా బాపు ముందు నిలబడితే చేతిలో ఉన్న మాట మరీ చిన్నదిగా అనిపించింది. ఆయన దవడలు బిగించుకుని కూర్చున్నాడు, అంత చిన్న మాటకు దిగే మనిషి కాదు. గాలి కొట్టుకుని పొమ్మంటున్నాడని చెప్పి, నోటికెలా వచ్చిందో తెలియదు గానీ, అమ్మ ప్రాణం గురించి ఇంకో మాట కలిపాను. "వదినె పానం మంచిగుండాలె అంటుండు."

బాపు గేరు తీశాడు. వెంటనే నా వైపు తిరిగి, అమ్మకేమన్నా అయితే వాడి ఇల్లు కాలబెడతానని చెప్పి రమ్మన్నాడు. పోయి, బాపు సరే అన్నాడని చెప్పాను.

కూలీలు ఒకరి తర్వాత ఒకరు పంపు తొక్కారు. గాలి అంగుళం అంగుళం ఎక్కుతోంది, జీపులో అమ్మ మూలుగుతోంది. నాకు వాళ్లందరినీ కొరికేయాలనిపించింది. కూలీలు అలిసిపోతే బాపు చొక్కా విప్పి తొక్కాడు. ఆయన రొప్పుతూ పక్కకు రాగానే చిన్నబాపు వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, వెనక టైర్ల మీద పడ్డాడు. వెనక బరువుంది కాబట్టి వాటికి ఎక్కువ కావాలని కూలీలతో అన్నాడు. కర్రతో టైరును కొట్టి చప్పుడు విని, చాలన్నట్టు పంపు గొట్టం పీకేశాడు. పీకి, ఉమ్మి, కొట్టంలోకి పోయాడు. వదినె ఎలా ఉందని జీపులోకి తొంగి కూడా చూడలేదు.

జగిత్యాలలో అమ్మకు కడుపు కోసి చీము తీశారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరు బాపును అందరి ముందూ చీవాట్లు పెట్టాడు. అమ్మ బతికింది, చాలా ఏళ్లు బతికింది. బాపు ఆ గుబ్బల టైర్లు తీసేసి మామూలువి వేయించాడు, సొంతంగా ఒక పంపు కొన్నాడు. అన్నదమ్ములు మాత్రం కలవలేదు. గట్టు తగాదాతో కోర్టుకెక్కారు, ఒకరి పెళ్లిళ్లకు ఒకరు పోలేదు. నేను కబుర్లు మోస్తూనే ఉన్నాను. పని మాటలు చేర్చాను. పని మాటలు చాలా తక్కువ ఉండేవి.

చిన్నబాపు ముందు పోయాడు. నేను మా అత్తగారి ఊరు సిరిసిల్ల నుంచి వచ్చేసరికి ఇంట్లో అందరూ బాపు మొహం చూస్తున్నారు. చావుకు పోకపోతే పగ పిల్లల మీద పడుతుంది, పోతే ఇన్నేళ్ల పంతం పోతుంది. ఆయన లేచి భుజం మీద తువ్వాల వేసుకున్నాడు. ఎవరూ అడగకుండానే అన్నాడు. "గా రోజు వాగుల వదినె పానం మంచిగుండాలె అన్నడు. గా ఒక్క మాటకు పోతున్న." పోయి పాడె మోశాడు.

అమ్మకు సంగతి తెలుసు. ఆ రోజు జీపులో పడుకుని నేను బాపుకు చెప్పిందంతా విన్న మనిషి, మరిది నోట అలాంటి మాట రాదని ఎరిగిన మనిషి. నా వైపు ఒకసారి చూసి, చీర కొంగుతో మొహం తుడుచుకుని, ఆయన వెనకే నడిచింది. బాపు కూడా పోయేదాకా మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు.

నేనేమీ మెత్తటి మనిషిని కాను. నా నోరు మంచిది కాదని సిరిసిల్లలో మా గల్లీ అంతా చెబుతుంది. కోపమొస్తే కొడుకునైనా కోడలినైనా మొహం మీదే కడిగేస్తాను. కానీ ఒకరి తిట్టు ఇంకొకరికి చేరాలంటే వేరే దారి వెతుక్కోవాల్సిందే. నా మీదుగా పోదు.