కిటికీలో సీసా

నాలుగేళ్ళుగా ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను.

సుజాత నా తోడికోడలు, మరిది భార్య. నరసరావుపేటలో ఒకే ఇంట్లో పైన వాళ్ళు, కింద మేము. జాకెట్లు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. నాకు ఆమె మీద కోపం. ఎందుకో కూడా చెప్పాలి. వాళ్ళమ్మాయి ఓణీల ఫంక్షన్‌లో నేను పెట్టిన చీర మడత విప్పి, అంతమంది ఆడవాళ్ళ ముందు, "అక్కా, ఇది పోయినేడు నేను నీకు పెట్టిందేగా? కవరన్నా మార్చకపోయావా," అంది. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ పేర్లతో చెప్పగలను. పెట్టిన చీరలు ఇంటింటికీ తిరగనిది ఎక్కడ? నన్నే అనాలా?

ఆ ఏడు శివరాత్రికి ఆమె కోటప్పకొండ మొక్కు కోసం రెండు రోజులు మంచినీళ్ళతోనే ఉంది. కొండ దిగాక కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయింది. ఆస్పత్రిలో చేర్చారు. స్కానింగు, రక్తపరీక్షలు అన్నీ బాగానే ఉన్నాయన్నారు. "నాటకాలు, పని తప్పించుకోడానికి," అని ఇంట్లో మొదట అన్నది నేనే.

మూడో రోజు నేను తోడున్నాను. పొద్దున పరీక్షకని పట్టిన మూత్రం సీసా, తీసుకెళ్ళేవాళ్ళు రాక, కిటికీలో ఎండలో ఉండిపోయింది. మధ్యాహ్నానికి చూస్తే నేరేడుపళ్ళు పిసికిన నీళ్ళలా ఉంది. భయం వేసింది. అయితే భయం కంటే ముందు ఇంకో ఆలోచన వచ్చింది. ఇది నాటకం కాదని తేలితే నా మాట ఏమవుతుంది? పారబోసి సీసా కడిగేశాను.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. సుజాత మందుల మత్తులో ఉంది.

"మూత్రం రంగేమన్నా మారిందా అమ్మా? ఎర్రగా గానీ, నల్లగా గానీ?"

"లేదమ్మా, మామూలుగానే ఉంది."

"సరిగ్గా చూశారా?"

"చూడకేం, నేనేగా పారబోసేది. చిన్న నొప్పికే చానా గోల చేస్తదమ్మా మా సుజాత."

ఆమె రాసుకొని వెళ్ళిపోయింది. వరండా చివరిదాకా నాకు కనిపిస్తూనే ఉంది. ఎందుకు వెనక్కి పిలవలేదు?

వారం తిరక్కముందే సుజాత చేతులు పైకి లేవడం మానేశాయి. తర్వాత కాళ్ళు. గుంటూరు పెద్దాసుపత్రికి చేరేసరికి ఊపిరి కూడా సరిగా అందడం లేదు. అక్కడివాళ్ళు తామే రంగు చూసి పరీక్ష చేయించారు. పోర్ఫిరియా అన్నారు. పుట్టుకతో ఒంట్లో ఉండే జబ్బట, పస్తు దాన్ని లేపిందట. "ముందే ఈ రంగు సంగతి తెలిసుంటే నరాల దాకా రాకపోయేదేమో," అన్నాడు పెద్ద డాక్టరు మా మరిదితో. పక్కనే ఉన్నాను. ఖాయంగా అనలేదు కదా, అనుమానమే కదా అని నాకు నేను చెప్పుకుంటూ ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను.

ఇప్పుడు నడుస్తోంది. కుడి మణికట్టు మాత్రం లేవదు, వేళ్ళు కత్తెర పట్టవు. మిషను అమ్మేశారు. రోజూ నేనే పైకి వెళ్ళి జడ వేస్తాను. "మా అక్క లేకపోతే నా గతేంది," అని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. వాళ్ళు నన్ను మెచ్చుకుంటారు. ఆ పూట అన్నం సహించదు. అయినా ఆనాటి అవమానం మర్చిపోయానా? లేదు. మర్చిపోయానంటే అది ఇంకో అబద్ధం.

ఆమెకు చెప్పగలనా? ధైర్యం లేదు. చెబితే క్షమిస్తుందేమోనని కూడా భయమే.

రంగు మారింది. చూశాను. లేదన్నాను. ఇన్నాళ్ళకు నా చేత్తో రాశాను. తప్పేమీ తగ్గలేదు గానీ, అది ఇప్పుడు నా ఒక్కదాని దగ్గరే లేదు.