వాడేవాళ్ల కుర్చీ

పెనుమూడి ఊళ్లో ఉండే అమ్మాజీకి నవ్వొస్తే ఆగదు. సత్యనారాయణ వ్రతం మధ్యలో కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తిన మనిషి. అరటితోట పని కాగానే చుట్టుపక్కల ఆడవాళ్లకు గ్యాస్ బుకింగులు, పిల్లల పరీక్షా ఫలితాలు తన ఫోన్లో చూసిపెడుతుంది. నెట్ పోయిందా, వీధి వీధంతా ఆమె గుమ్మంలోనే.

బాపట్లలో జిల్లా ఇంటర్నెట్ సలహా మండలి పెడుతున్నారని, సభకు ఎవరైనా రావచ్చని తెలిసి, తోడికోడలు సుబ్బాయమ్మను వెంటబెట్టుకుని రేపల్లెలో బస్సెక్కింది.

వేదిక మీద నాలుగు కుర్చీలు. ప్రభుత్వానికొకటి, కంపెనీలకొకటి, ఇంజినీర్లకొకటి, వినియోగదారులకొకటి. నాలుగో కుర్చీలో రవిశంకర్ కూర్చున్నాడు. కేబుల్ నెట్ కంపెనీలో మేనేజరట.

"అక్కా, మన కుర్చీలో ఆయన కూర్చున్నాడేంటి?"

"నన్నడుగుతావేంటి, ఆయన్నే అడుగు," అంటూ సుబ్బాయమ్మ మోచేత్తో పొడిచింది.

అమ్మాజీ లేచింది. నవ్వు తన్నుకొస్తోంది.

"బాబూ, మీరు వినియోగదారులాండి?"

"నేనూ నెట్ వాడతాను కదండి, పిన్నిగారూ."

"మీ ఇంట్లో నెట్ పోతే ఎవరికి ఫోన్ చేస్తారు?"

"మా ఆఫీసుకేనండి."

"ఎత్తుతారా?"

"ఎత్తుతారండి."

"అయితే మీరు మాలో మనిషి కాదు బాబూ."

హాలంతా గొల్లుమంది. రవిశంకర్ తనూ నవ్వుతూ లేచి, కుర్చీ ఆమె వైపు జరిపాడు. అధ్యక్షురాలు బిందుమాధవి సభికుల అభిప్రాయం అడిగితే చేతులన్నీ లేచాయి. సుబ్బాయమ్మ రెండు చేతులూ ఎత్తింది.

మొదటి సమావేశం వీడియోలో. మండలిలో ఇంకెవరెవరు ఉండాలన్నది చర్చ. అమ్మాజీ నోరు తెరిచిందో లేదో, నెట్ పోయింది. అక్కడైతే సిగ్నల్ అందుతుందని ఫోన్ పట్టుకుని కృష్ణా నది వంతెన మీదికి పరుగు. వెనకాలే ఎండకు గొడుగు పట్టుకుని సుబ్బాయమ్మ.

"వినపడుతోందాండి? ఈ మాట చెప్పడానికి నేను వంతెనెక్కాను. ఎక్కలేని ముసలమ్మలు, మంచంలో ఉన్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. వాళ్ల తరఫున మాట్లాడేందుకు ఇంకో కుర్చీ కావాలండి. మీరూ ఒకసారి మా ఊరొచ్చి సమావేశం పెట్టండి."

కాసేపు తర్జనభర్జనలు జరిగాయి. చివరికి వాడేవాళ్లకు రెండు కుర్చీలు, అందులో ఒకటి ఎప్పుడూ పల్లెవాళ్లకే అని తేల్చారు. వచ్చే సమావేశం పెనుమూడిలోనే అన్నారు.

అమ్మాజీ సుబ్బాయమ్మను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. గొడుగు ఎగిరి రోడ్డు మధ్యలో పడింది. వస్తున్న లారీ ఆగింది.

"ఏమైందమ్మా?" అన్నాడు డ్రైవరు తల బయటపెట్టి.

"మాకు రెండు కుర్చీలొచ్చాయి బాబూ," అంది అమ్మాజీ ఆయాసపడుతూ.

అతనికేం అర్థమైందో, "శుభమండి," అని లారీ నెమ్మదిగా పక్కనుంచి పోనిచ్చాడు.